బాణం వంగాలి, కానీ ఎంత?

నారి వదిలిన మరుక్షణం బాణం తిన్నగా పోదు. పాములా అటూ ఇటూ వంగుతూ విల్లును తప్పించుకుని పోతుంది. 1930ల్లో క్లారెన్స్ హిక్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో తీసిన దృశ్యాల్లో ఇది కళ్లకు కట్టినట్టు కనబడింది. వేళ్ల మీంచి జారేటప్పుడు నారి కాస్త పక్కకు కదులుతుంది. వెనక నుంచి నారి నెడుతుంది, ముందు ములికి బరువు ఆపుతుంది; నడుమ కాడ వంగక తప్పదు. ఆ వంపు లెక్క కుదిరితేనే ఈకలు విల్లుకు తగలకుండా దాటిపోతాయి.

అందుకే కార్బన్ కాడలను పోల్చేటప్పుడు నేను మొదట చూసేది స్పైన్, అంటే కాడ ఎంత వంగుతుందో చెప్పే అంకె. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద కాడను ఉంచి, సరిగ్గా నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం కుంగితే స్పైన్ 500, 0.4 అంగుళం కుంగితే 400. అంటే అంకె పెరిగేకొద్దీ కాడ మెత్తన. కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకోవడం మామూలే.

అయితే ఇది కదలకుండా ఉన్న కాడ సంగతి. విల్లు వదిలిన కాడ ఎంత వంగుతుందో దాని పొడవు, ములికి బరువు, విల్లు బలం కలిసి తేలుస్తాయి. వీటిలో పొడవు ప్రభావం చాలా ఎక్కువ, ఎందుకంటే కుంగుబాటు పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 30 అంగుళాల కాడను 28కి కోస్తే, అదే బరువుకు కుంగేది దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. కోసేముందు ఒకటికి నాలుగుసార్లు కొలుచుకోండి, కోసిన ముక్క మళ్లీ అతకదు. ములికి బరువు పెంచితే మాత్రం కాడ మెత్తబడినట్టు నడుచుకుంటుంది.

డబ్బా మీద కొట్టొచ్చినట్టు కనబడే అంకె వేరు. కాడ ఎంత తిన్నగా ఉందో చెప్పే 0.006, 0.003, 0.001 అంగుళాల లెక్క అది. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. కానీ 0.006 అంగుళమంటే 0.15 మిల్లీమీటర్లు, సుమారు రెండు తలవెంట్రుకల మందం. వదిలేటప్పుడు కాడ వంగే వంపు ముందు అదేపాటిది? డజను కాడలూ ఒకేలా వంగడం, ఒకే బరువు తూగడం అంతకంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం. కార్బన్ పొరలను చుట్టి చేసిన గొట్టంలో, పొర అంచు పడ్డ వైపు కాస్త గట్టిగా ఉండొచ్చు. ఓపికున్నవాళ్లు ప్రతి కాడకూ ఆ వైపు గుర్తుపెట్టుకుని, నాక్‌లన్నీ (నారి ఇరుక్కునే వెనక గాళ్లు) దానికే సరిపెడతారు.

లావు దూరాన్ని బట్టి. ఒలింపిక్స్‌లో గురి 70 మీటర్ల దూరం, పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు. అక్కడ పక్కగాలికి తక్కువ చోటిచ్చే సన్న కాడే మేలు. 18 మీటర్ల ఇండోర్ పోటీలో గాలి బాధ లేదు. పైగా లావు కాడ గీతను తాకే అవకాశం ఎక్కువ, తాకితే పై పాయింట్లే. నిబంధనల ప్రకారం మాత్రం కాడ 9.3 మిల్లీమీటర్లు దాటకూడదు.

స్పైన్ కుదిరిందో లేదో చూడాలంటే ఈకలున్న బాణాలతో పాటు ఈకల్లేని కాడనూ వదలండి. కుడిచేత్తో రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) లాగేవారికి, ఈకల్లేని కాడ ఈకలున్నవాటికి ఎడమకు పడితే గట్టిది, కుడికి పడితే మెత్తది.

ఇంకో సంగతి. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, కంటికి తెలుస్తుంది. కార్బన్ తిరిగి తిన్నగా నిలుస్తుంది, పగులును లోపలే దాచుకుంటుంది. అందుకే వదిలే ముందు కాడను రెండు చేతులా పట్టుకుని మెల్లగా వంచి, కొద్దికొద్దిగా తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకోండి. చిటపట వినిపిస్తే, అది మీకెంత ఇష్టమైన బాణమైనా సరే, మళ్లీ నారికి ఎక్కించకండి. విల్లు మీదే విరిగితే దాని పెచ్చులు దిగేది విల్లు పట్టిన చేతిలోనే.