సైన్‌బోర్డు భద్రత సరుకు కొనే రోజే తేలిపోతుంది

పనితనానికి వంక పెట్టలేని సైన్‌బోర్డు కూడా తనిఖీలో ఆగిపోతుంటుంది. అక్షరాల అంచులు నున్నగా ఉంటాయి, వెలుగు ఎక్కడా మచ్చలు లేకుండా పరుచుకుంటుంది, వైర్లు పద్ధతిగా కట్టి ఉంటాయి. తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం రెండే అడుగుతారు. లోపలున్న పవర్ సప్లైకి ఏ ధ్రువీకరణ ఉంది? వెనక వేసిన ఏసీపీ షీటు (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న పలక) నిప్పు పరీక్షలో ఏ తరగతి? బోర్డు తయారయ్యాక ఈ జవాబులు పుట్టించలేం. సరుకు ఆర్డరు పెట్టిన రోజే అవి ఖాయమైపోతాయి. ఈ పట్టింపులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే, వాటిలో ప్రాణాలు కాపాడేది ఏదో, ఉత్త తతంగం ఏదో కూడా తెలుస్తుంది.

బీమా వాళ్ల భయంతో మొదలు

విద్యుత్ భద్రతలో తొలి ఒత్తిడి ప్రభుత్వాల కంటే ముందు బీమా కంపెనీల నుంచే వచ్చింది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో విద్యుద్దీపాల వైరింగ్ పరిశీలించడానికి వాళ్లు పంపిన యువ ఇంజినీరు విలియం హెన్రీ మెరిల్. మరుసటి ఏడాది, 1894లో, ఆయన పెట్టిన పరీక్షశాలే ఇప్పటి యూఎల్. అమెరికా జాతీయ విద్యుత్ కోడ్ తొలి కూర్పు 1897లో వచ్చింది. ఆ కోడ్‌లోని 600వ ఆర్టికల్, విద్యుత్ సైన్‌బోర్డులకే ప్రత్యేకమైన యూఎల్ 48 ప్రమాణం అక్కడి బోర్డు పనికి నేటికీ ఆధారం.

1910 డిసెంబరులో పారిస్ మోటార్ షోలో జార్జ్ క్లాడ్ నియాన్ గొట్టాలు వెలిగించి చూపించాడు. గాలిని ద్రవంగా మార్చే ఆయన వ్యాపారంలో నియాన్ ఉప ఉత్పత్తిగా మిగిలేది. దానికో గిరాకీ వెతుక్కుంటే ఒక పరిశ్రమే పుట్టింది. నియాన్‌లో భయపడాల్సింది గాజు గొట్టానికి కాదు, దాన్ని వెలిగించే వోల్టేజీకి. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ, అంటే కరెంటు బయటికి వచ్చే వైపు, 15,000 వోల్టుల దాకా ఇస్తుంది. ఆ కేబుల్‌ను లోహపు పైపులో పొడవుగా లాగితే రెండూ కలిసి కెపాసిటర్ అయిపోతాయి. ఇన్సులేషన్ చుట్టూ కరోనా డిశ్చార్జి (గాలిలోకి కరెంటు సన్నగా కారడం) పుట్టి ఓజోన్ తయారవుతుంది, ఆ ఓజోన్ ఇన్సులేషన్‌నే తినేస్తుంది. చివరికి ఆర్క్ కొట్టి పక్కనున్న చెక్కో ప్లాస్టిక్కో అంటుకుంటుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదటి గొట్టం దాకా కేబుల్ లోహపు పైపులో 6 మీటర్లు, లోహం కాని పైపులో 15 మీటర్లు దాటకూడదని అమెరికా కోడ్ కట్టడి చేసింది. 1996 కూర్పు సెకండరీలో గ్రౌండ్ ఫాల్ట్ (కరెంటు దారి తప్పి భూమికి పోవడం) రాగానే ఆగిపోయే రక్షణను తప్పనిసరి చేసింది. ఇది ఊరికే ట్రిప్ అవుతోందని విసుక్కుని, ఎక్కడో పాత ట్రాన్స్‌ఫార్మర్ సంపాదించి బిగించేవాళ్లు ఉన్నారు. అది ఊరికే ట్రిప్ కాదు. తడిసిన ఎలక్ట్రోడ్ బూటో (గొట్టం చివర తొడిగే ఇన్సులేషన్ టోపీ), ఫ్రేముకు ఆనుకున్న కేబులో లోపల ఉండే ఉంటుంది.

ప్లాస్టిక్ వచ్చాక

ప్లెక్సిగ్లాస్, పెర్‌స్పెక్స్ పేర్లతో యాక్రిలిక్ షీటు 1930లలో మార్కెట్లోకి వచ్చింది. ఫ్లోరోసెంట్ ట్యూబులు 1938లో అమ్మకానికి వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలకు వెళ్లిన యాక్రిలిక్ యుద్ధం ముగిశాక కొత్త గిరాకీ వెతుక్కుంది. లోపల ట్యూబులు, ముందు యాక్రిలిక్ ముఖం ఉన్న పెట్టె బోర్డు అలా వీధుల్లోకి వచ్చింది.

ఈ ముఖంతో మొదటి చిక్కు వేడికి సాగడం. యాక్రిలిక్ ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 0.07 మి.మీ. సాగుతుంది, అల్యూమినియం 0.024 మి.మీ. మాత్రమే. 3 మీటర్ల బోర్డుకు 40 డిగ్రీల తేడా వస్తే షీటు 8.4 మి.మీ. పెరుగుతుంది, ఫ్రేము 2.9 మి.మీ. దగ్గరే ఆగుతుంది. మిగిలిన 5.5 మి.మీ.కు చోటు వదలకపోతే ముఖం ఉబ్బుతుంది, లేదా స్క్రూ రంధ్రం దగ్గర పగులుతుంది. చలిలో కుంచించుకుంటే ఫ్రేము గాడిలోంచి జారి కిందపడుతుంది. మనిషి తలమీద పడే ప్రమాదం ఇదే కాబట్టి గాడి లోతు ఎంతో డ్రాయింగులో రాసి ఉండాలి, బిగించేవాడి అంచనాకు వదలకూడదు.

రెండో చిక్కు సన్న పగుళ్లు. లేజర్‌తో కోసిన యాక్రిలిక్ అంచులో ఒత్తిడి దాగి ఉంటుంది. దాని మీద ఆల్కహాలో, అమ్మోనియా కలిసిన గాజు క్లీనరో పడితే గంటల్లో వెంట్రుక మందాన పగుళ్లు పాకుతాయి. జిగురు పెట్టే ముందు సుమారు 80 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఉంచి మెల్లగా చల్లారిస్తే ఈ బెడద చాలావరకు పోతుంది. అదే లేజర్ బల్ల మీదికి పీవీసీ ఫోమ్ షీటు ఎక్కించకూడదు. దాన్ని కోస్తే వచ్చే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి ఊపిరితిత్తులకూ మెషీన్ పట్టాలకూ చేటు.

మూడోది నిప్పు. 1973 ఆగస్టు 2న ఐల్ ఆఫ్ మాన్‌లోని సమ్మర్‌లాండ్ వినోద కేంద్రం తగలబడి 50 మంది చనిపోయారు. ఆ భవనం గోడల్లో, కప్పులో పెద్ద భాగం ఓరోగ్లాస్ అనే యాక్రిలిక్ పలకలే. యాక్రిలిక్ కాలుతూ మండే చుక్కలుగా రాలుతుంది, కింద ఏముంటే అది అంటుకుంటుంది. మామూలు యాక్రిలిక్‌కు యూఎల్ 94 పరీక్షలో వచ్చేది హెచ్‌బీ రేటింగ్. అడ్డంగా పట్టుకుని అంటించినప్పుడు నెమ్మదిగా కాలుతుందనే దానికి అర్థం. తనంతట ఆరిపోతుందని కాదు. అమ్మేవాళ్లు దీన్నే నిప్పు రేటింగ్ ఉన్న షీటని చెప్పేస్తుంటారు. పాలీకార్బోనేట్ నిప్పు విషయంలో నయం, దెబ్బకు కూడా తట్టుకుంటుంది. కానీ ఎండను ఆపే పొర సాధారణంగా ఒకవైపే ఉంటుంది. ఏ వైపు బయటికి ఉండాలో రక్షణ ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. తిరగేసి బిగిస్తే ముఖం పచ్చబడి పెళుసెక్కుతుంది.

రెండు రేకుల మధ్య ఏముంది

ఏసీపీ చరిత్ర 1969లో అలుకోబాండ్‌తో మొదలైంది. రెండు పలచని అల్యూమినియం రేకులు, మధ్యలో ప్లాస్టిక్. తేలిక, చదును, రూటర్‌తో (గాడులు కోసే మెషీన్‌తో) గాడి కొట్టి మడిస్తే పెట్టె తయారు. బోర్డుల వాళ్లకు ఇంతకంటే అనువైన సరుకు లేదు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయేదాకా, మధ్యలో ఉన్న ప్లాస్టిక్ ఏమిటని అడిగినవాళ్లు బోర్డుల రంగంలో తక్కువే. ఆ భవనానికి తొడిగిన పలకల్లో ఉన్నది పాలీఎథిలీన్. కాలితే అది కిలోకు సుమారు 46 మెగాజౌళ్ల వేడి ఇస్తుంది, పెట్రోలుకు దాదాపు సమానం. యూరప్ ఈఎన్ 13501-1 వర్గీకరణలో ఏ2 తరగతి పలకకు మొత్తం మీద కిలోకు 3 మెగాజౌళ్లు దాటకూడదు. 18 మీటర్లకు మించిన నివాస భవనాల బయటి గోడల్లో మండే సామగ్రిని ఇంగ్లండ్ 2018 డిసెంబరు 21 నుంచి నిషేధించింది.

బోర్డు భవనం గోడ కాదు కదా అనే వాదన ఉంది. చిన్న పేరు పలకకు అది కొంత నిజమే. కానీ ముందుభాగం పొడవునా, అంతస్తుల మీదుగా పరిచిన బోర్డు పని చేసేది గోడ తొడుగుగానే. తనిఖీలో అలాగే లెక్కిస్తే తప్పు పట్టలేం. బోర్డులకని అమ్మే 3 మి.మీ. షీట్లలో ఎక్కువ శాతం పాలీఎథిలీన్ మధ్యపొరవే. భవనం మీది పనికి కొంటుంటే గ్రేడు పేరు మాత్రమే కాదు, పరీక్ష నివేదిక, అందులో రాసిన మందం, రేకు మందం మీకొచ్చిన షీటుతో సరిపోవాలి. 4 మి.మీ.కి ఉన్న నివేదిక 3 మి.మీ.కి చెల్లదు.

ట్రక్కులోంచి దింపుకున్నది అడిగిన గ్రేడేనా అని తూకం వేసి చూడొచ్చు. 4 మి.మీ. షీటు, రెండువైపులా 0.5 మి.మీ. రేకు అనుకుందాం. అల్యూమినియం చదరపు మీటరుకు 2.7 కిలోలు, 3 మి.మీ. పాలీఎథిలీన్ 2.76 కిలోలు, మొత్తం దాదాపు 5.5 కిలోలు. ఖనిజ పొడి దట్టించిన ఎఫ్ఆర్ (నిప్పును నిదానింపజేసే) గ్రేడు 7.6 కిలోల దగ్గర ఉంటుంది. 50 సెం.మీ. చదరపు ముక్క కోసి తూస్తే పాలీఎథిలీన్‌ది 1.4 కిలోలు, ఎఫ్ఆర్‌ది 1.9 కిలోలు. చూడకుండా చెయ్యి పెట్టినా తేడా తెలుస్తుంది. తక్కువ తూగితే సరుకు వెనక్కి పంపండి. ఎక్కువ తూగినంత మాత్రాన పాసైనట్టు కాదు, చవక సున్నపు పొడి కలిపినా బరువు పెరుగుతుంది. మధ్యపొర రంగు చూసి మాత్రం నిర్ణయించకూడదు. నలుపు, బూడిద ఏ గ్రేడులోనైనా వస్తాయి.

పన్నెండు వోల్టుల ధీమా

తెల్ల ఎల్‌ఈడీ 1990ల రెండో భాగంలో వచ్చింది. ధర దిగాక నియాన్, ట్యూబులు రెండింటినీ తోసేసింది. ‘12 వోల్టులే కదా’ అనే ధీమా కూడా దాని వెంటే వచ్చింది. షాక్ కొట్టదన్నది నిజం. నిప్పు మాత్రం వోల్టు చూసి ఆగదు. 12 వోల్టులు, 30 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఒకటి పెట్టి అన్ని అక్షరాలకూ సన్న వైర్లు లాగారనుకోండి. చివరి అక్షరంలో వైరు నలిగి షార్ట్ అయితే, ఆ సప్లై దాన్ని మామూలు లోడే అనుకుని 20 ఆంపియర్లు పంపుతూనే ఉంటుంది. వైరు ఎర్రగా కాలుతుంది, బ్రేకర్ మాత్రం కదలదు. అందుకే అమెరికాలో క్లాస్ 2 సప్లైల పద్ధతి స్థిరపడింది. 12 వోల్టుల దగ్గర ఒక్కో అవుట్‌పుట్ 5 ఆంపియర్లకు, అంటే 60 వాట్లకు పరిమితం.

అందులోనూ 80 శాతమే వాడాలి, అంటే 48 వాట్లు. ఎల్‌ఈడీ మాడ్యూల్ 0.72 వాట్లదైతే ఒక అవుట్‌పుట్‌కు 66. వంద మాడ్యూళ్ల అక్షరానికి రెండు అవుట్‌పుట్‌లు కావాలి. సప్లై 8 మీటర్ల దూరంలో ఉండి 0.75 చదరపు మి.మీ. రాగి వైరు వాడితే, 4 ఆంపియర్లకు దారిలోనే దాదాపు 1.5 వోల్టులు పోతాయి, చివర్లు మసకబారతాయి. 1.5 చదరపు మి.మీ. వేస్తే నష్టం సగమవుతుంది. ఈ లెక్క అసలు రాగికి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చవక వైరు ఇప్పుడు విరివిగా దొరుకుతోంది. దానికి నష్టం ఒకటిన్నర రెట్లు, క్రింప్ చేసిన (నొక్కి బిగించిన) చోట కొన్నాళ్లకు వదులై వేడెక్కుతుంది. పోగును బ్లేడుతో గీరి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే ఆ చుట్ట పక్కన పెట్టేయాలి.

గుర్తులు చదవడంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తిరగేసిన ఆర్, యూ అక్షరాల గుర్తు ఉంటే అది యూఎల్ గుర్తించిన విడిభాగం మాత్రమే, కొన్ని షరతుల మీద మరో వస్తువులో బిగించడానికి పనికొస్తుంది. వృత్తంలోని యూఎల్ గుర్తు పూర్తి వస్తువుకు. గుర్తింపు ఉన్న మాడ్యూళ్లు, గుర్తింపు ఉన్న సప్లై కలిపినంత మాత్రాన బోర్డు లిస్టెడ్ అయిపోదు, అంటే పూర్తి వస్తువుగా యూఎల్ ధ్రువీకరణ రాదు. ఆ లేబుల్ తమ వర్క్‌షాప్ తనిఖీలకు ఒప్పుకున్న తయారీదారుకే వస్తుంది. పాత ట్యూబు బోర్డును ఎల్‌ఈడీకి మార్చేటప్పుడు వాడే కిట్లకు వేరే ప్రమాణం ఉంది, యూఎల్ 879ఏ. ఇక సీఈ గుర్తు సంగతి. ఈ తరహా సరుకులకు దాన్ని తయారీదారు తన పూచీ మీద తానే వేసుకుంటాడు. కాబట్టి గుర్తు చూసి ఆగకుండా అనుగుణ్యత ప్రకటన, పరీక్ష నివేదిక అడగాలి. రెండింటిలోని మోడల్ నంబరు పెట్టె మీది నంబరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. యూఎల్ ఫైల్ నంబరైతే వాళ్ల ప్రొడక్ట్ ఐక్యూ డేటాబేస్‌లో కొట్టి చూడొచ్చు.

రసాయనాల జాబితాలు కూడా ఇదే దారిలో పెరిగాయి. యూరప్ రోహెచ్‌ఎస్ నిబంధన 2006 జులై 1 నుంచి విద్యుత్ వస్తువుల్లో సీసాన్ని 0.1 శాతానికి, కాడ్మియాన్ని 0.01 శాతానికి పరిమితం చేసింది. 2019 జులై 22 నుంచి నాలుగు థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) చేరాయి. మెత్తటి పీవీసీ వైరు తొడుగు కొనేవాళ్లు చూసుకోవాల్సింది ఈ చివరిదే. యాక్రిలిక్ అతికించే పలచని జిగురుల్లో ఉండే డైక్లోరోమీథేన్‌ను అమెరికా 2024లో చాలా వాడకాలకు నిషేధించింది.

బదులు సరుకు

2020లో కౌంటర్ల ముందు పారదర్శక తెరలు పెట్టడం మొదలయ్యాక యాక్రిలిక్ దొరకడమే గగనమైంది. దాని బదులు పీఈటీజీ, పాలీస్టైరీన్ షీట్లు వచ్చాయి. ఇంట్లో తెరకు అవి సరిపోతాయి. ఎండలో వెలిగే బోర్డుకు మామూలు పాలీస్టైరీన్ పనికిరాదు, పచ్చబడి పెళుసెక్కి పగులుతుంది. ఆ మరుసటి ఏడాది చిప్పుల కొరత వచ్చి పవర్ సప్లైలకూ ఇదే గతి పట్టింది. ‘అచ్చం అలాంటిదే’ అని మరో మోడల్ పంపించారు. అచ్చం అలాంటిదైనా ధ్రువీకరణ ఫైల్లో ఆ మోడల్ లేకపోతే లేబుల్ చెల్లదు.

దీనికి ఆర్డరులోనే ఒక వాక్యం రాస్తే చాలు: రాతపూర్వక అనుమతి లేకుండా బదులు సరుకు పంపకూడదు, పంపితే తిరుగు రవాణా ఖర్చు సరఫరాదారుదే. రెండువైపులా జిగురున్న ఫోమ్ టేపు, స్క్రూల దగ్గర్నుంచి ఇది వర్తించాలి. మంచి యాక్రిలిక్ ఫోమ్ టేపుకు లెక్క కిలో బరువుకు 55 చదరపు సెం.మీ. 10 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు అంటించకూడదు, పూర్తి పట్టుకు 72 గంటలు పడుతుంది. పేరు తెలియని టేపుకు ఈ లెక్కలేవీ వర్తించవు. అయినా బయట గాలి తగిలే పలకను టేపు ఒక్కదానికే వదిలేయకూడదు. సెకనుకు 40 మీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 100 కిలోల బరువంత నొక్కుతుంది. వేగం రెట్టింపైతే అది నాలుగింతలు.

షీటు గ్రేడు, బ్యాచ్ నంబరు చాలాసార్లు రక్షణ ఫిల్మ్ మీదే ముద్రించి ఉంటాయి. ఒలిచేశాక అది ఏ షీటో చెప్పే గుర్తు షీటు మీద మిగలదు. కాబట్టి ఫిల్మ్ ఒలిచే ముందే ఫొటో తీసి, మిగిలిన ముక్క ఒకటి కోసి, రెండింటికీ ఆర్డరు నంబరు రాసి దాచి ఉంచాలి.