పగులు ఎంత లోతుకు దిగింది?

బాగున్న రోడ్డుకు పూత వేస్తుంటే జనం విసుక్కుంటారు, గుంతలు పడ్డ రోడ్డును వదిలేసి దీన్నెందుకు పట్టుకున్నారని. నేను మాత్రం ఆ పూత వేయించిన ఇంజనీరు పక్షమే.

ఎండకూ గాలికీ రోడ్డులోని కంకరను పట్టి ఉంచే బిటుమెన్, అంటే తారు, ఆక్సీకరణ చెంది పెళుసుబారుతుంది. నల్లని రోడ్డు బూడిద రంగుకు తిరిగి, సన్నగా చిట్లుతుంది. ఆ చీలికల్లోంచి దిగే నీరే అసలు శత్రువు. అడుగున ఉన్న కంకర, మట్టి నానితే బరువు మోయలేవు.

నీరు దిగకముందే పై పూత పడాలి. చిప్ సీల్ అనే పూతలో బిటుమెన్ ఎమల్షన్ (నీటిలో సన్నని బిందువులుగా కలిపిన బిటుమెన్) చల్లి, వెంటనే ఒకే పరిమాణపు చిన్న కంకర పరిచి రోలర్‌తో అదుముతారు. గోధుమ రంగు ఎమల్షన్ నీటిని విడిచి నల్లబడుతూ రాతిని పట్టుకోవడం చూడముచ్చటగా ఉంటుంది. మైక్రో సర్ఫేసింగ్ అనే మరో పూతలో సన్నని రాతి రేణువులు, పాలిమర్ కలిసిన ఎమల్షన్, కొద్దిగా సిమెంటు కలిపి పరుస్తారు. వాతావరణం అనుకూలిస్తే సుమారు గంటలో వాహనాలను వదలవచ్చు. ఇవి నీటిని ఆపుతాయి, టైర్లకు పట్టునిస్తాయి. రోడ్డుకు బలాన్ని మాత్రం చేర్చవు. చిప్ సీల్ ఎత్తుపల్లాలనూ సరిచేయదు.

ప్రయాణం కుదుపులమయమైతే పలుచని తారు పొర వేయాలి. సాధారణంగా 25 నుంచి 40 మిల్లీమీటర్ల మందాన కంకర, బిటుమెన్‌ల వేడి మిశ్రమం పరుస్తారు. ఖర్చు ఎక్కువే, కానీ రోడ్డు నునుపుదేలుతుంది, చిప్ సీల్ కన్నా చప్పుడు తక్కువ. చిక్కల్లా వేడితోనే. మందం సగానికి తగ్గితే మిశ్రమం చల్లారే సమయం సగం కన్నా ఇంకా తగ్గిపోతుంది. చల్లారాక రోలర్ ఎన్నిసార్లు తిరిగినా లోపలి గాలి ఖాళీలు మూసుకోవు. మళ్లీ నీటికి దారి దొరికినట్టే. అందుకే చలిగాలి వీచే రోజున ఈ పని పెట్టుకోకూడదు.

మొసలి చర్మంలా అల్లుకున్న పగుళ్లు కనిపిస్తే పూత, పలుచని పొర రెండూ దండగే. అవి అడుగు పొరలు అలిసిపోయిన గుర్తు. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్షల ఫలితాల ప్రకారం, వాహనం ఇరుసు మీద పడే బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లవుతుంది. అంత దెబ్బకు అడుగున మొదలైన చీలిక, పైన వేసిన కొత్త పొరలోంచి మళ్లీ పైకి వస్తుంది.

అనుమానం ఉన్నచోట రోడ్డులోంచి గుండ్రని ముక్కను కోసి తీస్తారు. అందులో పగులు పై అంచుకే పరిమితమైతే పూతకో, పలుచని పొరకో ఇంకా సమయం ఉంది. అడుగు దాకా చీలి ఉంటే తవ్వక తప్పదు.