మొహం కనపడాలి కదండీ: ఇంటి సీసీ కెమెరాల మీద అపోహలు, వాస్తవాలు

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి రాజోలు దగ్గర ఒక ఊరి నుంచి పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. వాకిట్లో పెట్టిన మోటారు సైకిల్ తెల్లారేసరికి లేదు. ఇంటికి నాలుగు కెమెరాలున్నాయి, నేను కాదు, వేరేవాళ్ళు బిగించినవి. వెళ్ళి డీవీఆర్ (కెమెరాల బొమ్మ రికార్డు చేసే పెట్టె) తెరిచాం. రాత్రి రెండు దాటాక ఒకతను గేటు తీసుకుని వచ్చాడు, హ్యాండిల్ లాక్ విరగ్గొట్టాడు, బండి నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నాలుగు నిమిషాలూ రికార్డయింది. మొహం మాత్రం ఎక్కడా లేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు, భుజాలు, అంతే. కెమెరా డాబా పిట్టగోడ అంచున, 14 అడుగుల ఎత్తులో ఉంది. "5 మెగాపిక్సెల్ అన్నారు బాబూ, మా అబ్బాయి కువైట్ నుంచి డబ్బు పంపించి మరీ పెట్టించాడు" అని ఆయన ఆ తువ్వాలునే చూస్తూ కూర్చున్నారు.

ఆ ఇంట్లో కెమెరాలు మంచివే. పెట్టిన తీరు తప్పు. అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్ళినా వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి వల్ల మనవాళ్ళ డబ్బు పోతోంది, అవసరమైన రాత్రి బొమ్మ దొరకడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మెగాపిక్సెల్ ఎక్కువైతే మొహం బాగా పడుతుంది

మెగాపిక్సెల్ అంటే బొమ్మ మొత్తంలో ఉన్న చుక్కల లెక్క. ఆ చుక్కలు ఎంత వెడల్పు మీద పరుచుకున్నాయన్నది లెన్సు చెబుతుంది. కొత్త మనిషి మొహం గుర్తుపట్టాలంటే, ఆ మనిషి నిలబడ్డ చోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు ఉండాలని ఈ రంగంలో అంతర్జాతీయంగా పాటించే లెక్క. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి అందులో సగం చాలు.

మన దగ్గర ఇళ్ళకు ఎక్కువగా బిగించేది 2.8 ఎంఎం లెన్సు. వాకిలి మొత్తం, పక్క సందు కూడా వస్తుంది కాబట్టి చూసినవాళ్ళకు ముచ్చటేస్తుంది. 2 మెగాపిక్సెల్ కెమెరాకు ఆ లెన్సు ఉంటే మొహం గుర్తుపట్టగలిగేది సుమారు 10 అడుగుల లోపే. 8 మెగాపిక్సెల్ కెమెరాకు అదే లెన్సు ఉంటే 19 అడుగుల వరకు. అదే 2 మెగాపిక్సెల్‌కు 6 ఎంఎం లెన్సు వేస్తే 22 అడుగుల దాకా వస్తుంది, కాకపోతే చూపు ఇరుకవుతుంది. ఖరీదైన కెమెరాకంటే సరైన లెన్సున్న చవక కెమెరా గేటు దగ్గర బాగా పనిచేస్తుందని నేను చెబితే చాలామంది నమ్మరు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

కాబట్టి వాకిలంతా చూడ్డానికి ఒక వెడల్పు కెమెరా, గేటు దగ్గర మొహం పట్టడానికి ఒక ఇరుకు కెమెరా. రెండు పనులకూ ఒక్కటే చాలన్నచోటే తేడా వస్తుంది.

అపోహ: ఎంత ఎత్తులో పెడితే అంత భద్రం

దొంగకు అందదన్న మాట నిజమే. మొహం కూడా అందదు. మొహం కోసం పెట్టే కెమెరా 8, 9 అడుగులు దాటకూడదు. ఇంకాస్త కిందకి, గేటు స్తంభానికి ఎదురుగా వస్తే మరీ మంచిది. దాన్ని పీకేస్తారని భయముంటే, దాన్ని చూసేలా పైన ఇంకోటి పెట్టండి. కొబ్బరి చెట్టుకు మాత్రం బిగించొద్దు. గాలికి చెట్టు ఊగుతుంటే రాత్రంతా ఫోన్‌కు అలర్టులు వస్తూనే ఉంటాయి, రెండో రోజుకే విసుగొచ్చి మీరు వాటిని ఆపేస్తారు. పిడుగు సంగతి సరే సరి.

అపోహ: నైట్ విజన్ ఉంది, లైటు అక్కర్లేదు

కెమెరా చుట్టూ ఉండే చిన్న ఎల్ఈడీలు మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తాయి. ఆ వెచ్చదనానికి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. చేల పక్క ఇళ్ళలో వానాకాలంలో వారం తిరక్కుండానే గూడు వస్తుంది. లెన్సుకు అంగుళం దూరంలో ఉన్న ఆ దారం మీద వెలుగు పడి తిరిగి వచ్చి, బొమ్మంతా తెల్లటి పొగలా అయిపోతుంది. "మంచు పడుతోందండి" అని ఒకావిడ ఫోన్ చేస్తే వెళ్ళి చూశాను. సాలెగూడే. మెత్తటి బ్రష్షుతో తుడిస్తే సరిపోయింది.

కెమెరాను సన్‌షేడ్‌కు మరీ దగ్గరగా బిగించినా ఇదే బాధ. సున్నం గోడ వెలుగును తిప్పికొడుతుంది, గేటు దగ్గర చీకటైపోతుంది.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ చెప్పరు. ఇన్‌ఫ్రారెడ్‌లో రంగులు నమ్మకూడదు. నల్లటి సింథటిక్ చొక్కా చాలాసార్లు తెల్లగా కనపడుతుంది. తెల్ల చొక్కావాడు ఎవడా అని ఊరంతా వెతికిన సందర్భం నాకు తెలుసు. వరండాలో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి రాత్రంతా వెలిగించండి. రాత్రికి ఒక యూనిట్‌లో పదో వంతు కాస్త పైన కాలుతుంది. రంగూ తెలుస్తుంది, మొహమూ తెలుస్తుంది.

అపోహ: ఐపీ67 కెమెరా, వానకూ గాలికీ ఏమీ కాదు

ఐపీ67 అంటే దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకుంటుంది అని పరీక్ష. అది కెమెరా డబ్బాకు. వెనకాల వేలాడే వైర్ల తోకకు కాదు, ఉప్పుగాలికి అసలే కాదు.

సఖినేటిపల్లి వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంట్లో రెండేళ్ళ కెమెరాలు మూడు ఒకేసారి పోయాయన్నారు. డబ్బా విప్పకుండా ముందు కనెక్టరు లాగాను. బొమ్మ తెచ్చే బీఎన్‌సీ పిన్ను ఆకుపచ్చటి చిలుముతో నిండిపోయి ఉంది, కరెంటు ఇచ్చే డీసీ పిన్ను చేతిలోకి పొడిగా రాలింది. కేబులు కోసి చూస్తే లోపల రాగి పైపూతే, అడుగున అల్యూమినియం. కెమెరాలు మూడూ కొత్త కనెక్టర్లు వెయ్యగానే పనిచేశాయి.

తీర ప్రాంతంలో నేను చేసేది ఇది. తోక మొత్తం జంక్షన్ బాక్సులోకి పోవాలి. బాక్సులోకి కేబులు కింద నుంచి రావాలి, అదీ కాస్త వేలాడి పైకెక్కేలా, అప్పుడు నీటి చుక్క అక్కడే కారిపోతుంది. పిన్నులకు సిలికాన్ గ్రీజు. మేకులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే. కేబులు పూర్తి రాగిదే అడగండి, మీ ఎదుటే ఒక ముక్క కోసి చాకుతో గీకమనండి. లోపల తెల్లగా కనపడితే తిప్పి పంపండి.

ఈ అల్యూమినియం కేబులుతోనే ఇంకో తంటా ఉంది. "పగలు బాగానే ఉంటోందండి, పొద్దుగూకితే ఆగిపోతోంది, కెమెరా మార్చేద్దామా?" అంటారు. ఆగండి. చీకటి పడగానే ఎల్ఈడీలు వెలుగుతాయి, కెమెరా లాగే కరెంటు పెరుగుతుంది. దూరం నుంచి సన్నటి కేబులులో వచ్చే 12 వోల్టులు అప్పుడు పడిపోతాయి. ముమ్మిడివరం దగ్గర ఒక తోటలో మీటరు పెట్టి చూస్తే పగలు 11.3, రాత్రి 9.6. కేబులు మార్చాం, కెమెరా అదే.

అపోహ: వైఫై కెమెరాకు వైరు అక్కర్లేదు, క్లౌడ్‌లో ఉంటుంది కాబట్టి బెంగ లేదు

వైఫై అంటే బొమ్మ గాలిలో పోతుంది, కరెంటు పోదు. దానికి వైరు కావాల్సిందే. రౌటరు హాల్లో ఉండి కెమెరా దొడ్లో ఉంటే మధ్యలో రెండు గోడలు అడ్డం. అద్దె ఇంట్లోనో, లోపల పెద్దవాళ్ళను చూసుకోవడానికో వైఫై కెమెరా మంచిదే. సొంత ఇంటి చుట్టూ పెట్టుకోవడానికి నేను వైరుదే చెబుతాను.

ఇక క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో దాచడం, ఆ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో కోనసీమ వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంట్లో హార్డ్ డిస్కు ఉన్నవాళ్ళకు రికార్డింగ్ ఆగలేదు. క్లౌడ్ మీదే ఆధారపడ్డ కెమెరాలు ఆ రోజులన్నీ ఉత్తినే చూస్తూ ఉండిపోయాయి. ముందు ఇంట్లో రికార్డు కావాలి, క్లౌడ్ దానికి తోడు.

చెరువు గట్ల మీద సోలార్, 4జీ సిమ్ కెమెరాలు ఇప్పుడు చాలా పెడుతున్నారు. మోటార్లు, మేత బస్తాల కాపలాకు పనికొస్తాయి. అయితే చాలావరకు బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతూ, కదలిక ఉంటే లేస్తాయి. లేచేలోపు మనిషి దాటిపోవచ్చు. గట్టు దారికి అడ్డంగా కాక, దారి వెంబడి చూసేలా తిప్పండి.

కరెంటు గురించి ఒక్క ముక్క: ఇన్వర్టర్ మీద డీవీఆర్ పెట్టి రౌటరు మరిచిపోతారు. రెండూ ఉండాలి.

అపోహ: నెల రోజుల రికార్డింగ్ ఎటూ ఉంటుంది

లెక్క వేద్దాం. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265లో (వీడియోను కుదించే పద్ధతి) సెకనుకు 2 మెగాబిట్లు అనుకుంటే రోజుకు 21 జీబీ పైన. నాలుగింటికి 86 జీబీ. 1 టీబీ డిస్కు 11 రోజులకు నిండిపోయి పాతది చెరిపేసుకుంటుంది. అమ్మాయి పురుటికి హైదరాబాద్ వెళ్ళి నెల తర్వాత వచ్చేవాళ్ళకు అది ఏం సరిపోతుంది? 4 టీబీ వేయించుకోండి, సీసీ కెమెరాల కోసం చేసిన డిస్కే.

డీవీఆర్ టీవీ కింద పెట్టొద్దు. దొంగ చూసే మొదటి చోటు అది. గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల్లో అయితే ఇంకో కారణం కూడా, 2022 జులై వరదకు ఎన్ని ఇళ్ళలో నీళ్ళు నిలిచాయో చూశాం. అటక మీదో, మేడ మీదో, గాలి తగిలే చోట పెట్టించండి.

పాస్‌వర్డ్ సంగతి. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచమంతా కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చనివాళ్ళ ఇళ్ళ నుంచే. బిగించినవాళ్ళు వెళ్ళేముందు మీరే కొత్తది పెట్టుకోండి, నాలాంటివాడికి కూడా చెప్పొద్దు.

టైము కూడా చూడండి. డీవీఆర్ గడియారం నలభై నిమిషాలు వెనకబడి ఉంటే కేసులో మీ ఫుటేజ్ మీద ప్రశ్నలు మొదలవుతాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డుకు సర్టిఫికెట్ జత చెయ్యాలి. తెరను ఫోన్‌తో వీడియో తీసి ఇవ్వడం కాదు, డీవీఆర్ నుంచి అసలు ఫైలు పెన్ డ్రైవ్‌లోకి తీయించండి, డిస్కు చెరిగిపోయేలోపు.

అపోహ: నా గోడ, నా కెమెరా, ఎటైనా తిప్పుకుంటాను

మన ఊళ్ళలో స్నానాల గదులు చాలా ఇళ్ళకు దొడ్లోనే ఉంటాయి, కొన్నిటికి పైకప్పు కూడా ఉండదు. ఆడవాళ్ళ ఏకాంతాన్ని చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. కావాలని చెయ్యకపోయినా పక్కింటివాళ్ళ మనసు విరుగుతుంది.

పాలకొల్లు దగ్గర ఒక ఇంట్లో దొడ్డి గుమ్మం మీద కెమెరా బిగిస్తుంటే పక్కింటావిడ గోడ అవతల నిలబడి చూస్తున్నారు, ఏమీ అనలేదు. డీవీఆర్‌లో ప్రైవసీ మాస్క్ పెట్టి, వాళ్ళ వైపు ఉన్న ముక్కంతా నల్లగా మూసేశాను. ఇంటాయనతో "అండీ, ఆవిడను ఒకసారి లోపలికి పిలవండి" అన్నాను. ఆవిడ వచ్చి టీవీలో నల్ల పట్టీని చూశారు, వేలు పెట్టి "ఇదేనా మా దొడ్డి?" అని అడిగారు. అదేనండీ అన్నాను. "ఆయ్, అయితే సరే" అని, వెళ్తూ వెళ్తూ మా కుర్రాడికి మజ్జిగ పంపిస్తానన్నారు.