చెప్పులు దొరకని మనీలా

ఫిలిప్పీన్స్‌లో చైనా మూలాలున్న వాళ్ల మీద అనుమానం మళ్లీ రాజుకుంది. 2024లో బంబన్ అనే చిన్న ఊరి మేయర్ పౌరసత్వంపై సెనెట్ విచారణ జరిపింది. అదే ఏడాది జులైలో, ఎక్కువగా చైనా ఆటగాళ్ల కోసం నడిచే ఆన్‌లైన్ జూదం కేంద్రాలపై అధ్యక్షుడు నిషేధం ప్రకటించారు. దక్షిణ చైనా సముద్రంలో టెన్షన్ ఎటూ ఉంది. తప్పు చేసినవాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ తరాలుగా అక్కడే ఉన్న కుటుంబాలను కూడా ‘మీరెవరి పక్షం?’ అని అడగడం అన్యాయం. ఆ అన్యాయం వేళ్లు 1603లో ఉన్నాయి.

మనీలా కోట బయట, ఫిరంగి గుండు అందేంత దూరంలో, అప్పట్లో ఫిలిప్పీన్స్‌ను ఏలిన స్పానిష్ పాలకులు చైనా వ్యాపారులకు ఇచ్చిన పేట పరియాన్. ఊరికి రొట్టెలు కాల్చేదీ బట్టలు కుట్టేదీ వాళ్లే. 1590లో మనీలా బిషప్ సలజార్ తన ఉత్తరంలో ఒక సంగతి రాశాడు. మెక్సికో నుంచి వచ్చి పుస్తకాల బైండింగ్ కొట్టు పెట్టుకున్న ఒకతని దగ్గర ఓ చైనా మనిషి పనికి చేరాడు. చూసి చూసి పని నేర్చుకుని సొంత కొట్టు తెరిచాడు. యజమాని కొట్టు మూతపడింది.

1603 మేలో ముగ్గురు చైనా అధికారులు దిగారు. మనీలా పక్కనున్న కవిటె దగ్గర బంగారు కొండ ఉందని విని చూడటానికి వచ్చారట. కొండా లేదు, బంగారమూ లేదు. వాళ్లు వెళ్లిపోయారు గానీ, వెనకాల సైన్యం వస్తుందన్న భయం మనీలాలో మిగిలింది. 1593లో చైనా తెడ్లవాళ్లు గవర్నర్‌ను చంపిన గాయం స్పానిష్ వాళ్లకు ఇంకా పచ్చిగానే ఉంది. మమ్మల్ని చంపేస్తారన్న పుకారుతో అక్టోబరులో చైనీయులు తిరగబడ్డారు. అంతకుముందే వాళ్ల ఇళ్లలోని ఇనుమంతా స్పానిష్ వాళ్లు ఎక్కువ ధరకు కొనేశారని చైనా చరిత్రలో ఉంది. ఆ తిరుగుబాటును అణచివేసిన కొద్ది వారాల్లో చనిపోయిన చైనీయుల సంఖ్య 15,000 నుంచి 25,000 దాకా చెబుతారు.

ఆ తర్వాత ఊళ్లో తిండికి కటకట. ఎంత ధర పెట్టినా కాలికి చెప్పులు దొరకలేదని స్పానిష్ అధికారి మోర్గా రాశాడు. ఏడాది తిరిగేసరికే చైనాలోని ఫుజియన్ నుంచి వచ్చే పడవలను మళ్లీ రానిచ్చారు. అనుమానం మాత్రం పోలేదు. 1639లో మళ్లీ రక్తం పారింది.

1762లో మన మద్రాసు నుంచి బయల్దేరిన బ్రిటిష్ దండు మనీలాను పట్టుకుంది. చైనీయులు చాలామంది వాళ్ల పక్కన నిలిచారు. దీన్ని ద్రోహమన్నారు. 160 ఏళ్లు అలా చూసిన పాలకుల కోసం వాళ్లు ఎందుకు ప్రాణాలివ్వాలి? స్పెయిన్ తిరిగొచ్చాక వాళ్లను వెళ్లగొట్టింది. 1778లో ఆ బహిష్కరణనూ ఎత్తేసింది. మనీలాకు వాళ్ల చేతి పని మళ్లీ అవసరమైంది.