కాఫీకి క్యాన్సర్ మచ్చ ఎక్కడ అంటింది?

కాఫీ కప్పు మీద క్యాన్సర్ హెచ్చరిక వేయాల్సిందేనని కాలిఫోర్నియా కోర్టు చెప్పిందంటూ ఆ పాత మెసేజ్ మళ్లీ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతోంది. 2018 మార్చిలో జడ్జి కాఫీ అమ్మే కంపెనీల వాదన కొట్టేసిన మాట నిజమే. 2019లో ఆ రాష్ట్రమే కాఫీకి ఆ హెచ్చరిక అక్కర్లేదని రూలు తెచ్చింది, మెసేజ్‌లో ఆ ముక్క మాత్రం ఉండదు. దావా వేసినవాళ్లు పట్టుకున్నది గింజలు వేయించేటప్పుడు పుట్టే యాక్రిలమైడ్ అనే రసాయనాన్ని. ఎక్కువ మోతాదులో ఇస్తే ఎలుకలకు కణితులు వచ్చిన మాటా నిజమే, కాకపోతే అది ఆలూ చిప్స్‌లోనూ ఉంటుంది.

అసలు అనుమానం బలంగా నాటుకుంది 1981లో. హార్వర్డ్‌లో బ్రయాన్ మెక్‌మాన్ బృందం ప్యాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ ఉన్న 369 మందిని, వేరే జబ్బులతో ఆసుపత్రిలో ఉన్న 644 మందితో పోల్చి, క్యాన్సర్ వచ్చినవాళ్లు కాఫీ ఎక్కువ తాగుతున్నారని తేల్చింది. ఇక పేపర్లకు పండగే. కిటుకంతా ఆ రెండో గుంపులో ఉంది. వాళ్లలో చాలామంది ఆ క్యాన్సర్ రోగులను చూసే డాక్టర్ల దగ్గరికే కడుపు, పేగుల బాధలతో వచ్చినవాళ్లు. కడుపులో మంట ఉన్నవాడు ముందు మానేసేది కాఫీనే కదా! కాఫీ తగ్గించుకున్నవాళ్ల పక్కన నిలబెడితే ఎవరైనా తెగ తాగేవాళ్లలాగే కనిపిస్తారు. 1986లో ఆ బృందమే మళ్లీ లెక్క తీసి, ముందు చెప్పినంత సంబంధం కనబడటం లేదని మొదటి అధ్యయనం వేసిన వైద్య పత్రికకే ఉత్తరం రాసింది. ఉత్తరాన్ని ఎవరు చదువుతారు?

1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం, మూత్రాశయ క్యాన్సర్ విషయంలో కాఫీని అనుమానితుల జాబితాలో పెట్టింది. కాఫీ తెగ తాగేవాళ్లలో సిగరెట్ కాల్చేవాళ్లూ ఎక్కువే, ఆ రెండిటినీ విడదీయడం కష్టమైంది. 2016లో వెయ్యికి పైగా అధ్యయనాలు చూసి కాఫీని ఆ జాబితాలోంచి తీసేసింది. అప్పుడే 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకు ముప్పు ఉండొచ్చని చెప్పింది, అది టీ అయినా సరే. రెండు గ్లాసుల్లో తిరగబోసుకుని తాగే మన పెద్దవాళ్లకు ఆ బెడద తక్కువే.

మనం పట్టించుకోవాల్సిన మాట హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దంది, వాటిలోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. ఇడ్లీ తిని చెయ్యి కడుక్కోకముందే కాఫీ అందుకునే ఇళ్లు మనవి, రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు మించొద్దని కూడా చెప్పింది. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 దాకా ఉంటుంది.