20 నిమిషాలన్నా 20 సెకన్లకే ఆగిన మోటారు

నల్లగొండ దగ్గర మా బత్తాయి తోటలో బోరు ఆగి ఆగి పోస్తుంది. 20 నిమిషాలు నడిపితే నీళ్లు అయిపోతాయి, మళ్లీ ఊట ఊరేదాకా ఆపాలి. నీళ్లు లేకుండా తిరిగితే సబ్‌మెర్సిబుల్ మోటారు వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది కానీ, ఆటో స్టార్టర్‌కు తెలిసింది ఒక్కటే: కరెంటు ఉంటే మోటారు వేయడం. టైము చూడటం దానికి రాదు. అందుకని మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు, ఆర్డినో ఊనో, పెట్టాను.

బోర్డు పిన్ను ఇచ్చేది 20 మిల్లీ ఆంపియర్లే. అది ట్రాన్సిస్టర్‌ను, ట్రాన్సిస్టర్ రిలే అనే చిన్న స్విచ్‌ను, రిలే స్టార్టర్‌లోని కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్‌ను పని చేయిస్తాయి. మూడు ఫేజుల కరెంటు మోసేది కాంటాక్టరే.

మొదటి రోజు మోటారు ఆన్ అయింది. పైపు చివరికి నీళ్లు రాకముందే టక్కున ఆగింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. వైరు లూజు అనుకున్నాం. ఫోన్లో టైము పెట్టి చూస్తే ప్రతిసారీ సరిగ్గా 20 సెకన్లు! లూజు వైరు అంత లెక్కగా ఆగదు కదా.

తప్పు నా ప్రోగ్రాంలో ఉంది. 20ని 60తో, దాన్ని 1000తో గుణించమని రాశాను. 12 లక్షల మిల్లీసెకన్లు (సెకనుకు వెయ్యి) రావాలి. ఈ బోర్డులో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లే, 32,767 దాటి పట్టదు. దాటితే బండి మీటరు 99,999 తర్వాత సున్నాకు తిరిగినట్టు లెక్క చుట్టు తిరుగుతుంది. మైనస్ అంకెలతో కలిపి 16 బిట్లలో పట్టేవి 65,536. 12 లక్షల్లోంచి దాన్ని 18 సార్లు తీసేస్తే మిగిలేది 20,352. అదే ఆ 20 సెకన్లు. 1000 పక్కన యూఎల్ అని రెండక్షరాలు చేరిస్తే లెక్క 32 బిట్లలో జరుగుతుంది. చేర్చాను, కుదిరింది.

ఇంకో మార్పు కూడా చేశాను. ముందు 'ఇంత సేపు ఏమీ చేయకుండా ఆగు' అని బోర్డుకు చెప్పే 'డిలే' వాడాను. అది పొయ్యి మీద పాలు పెట్టి పడుకోవడం లాంటిది. ఎండాకాలం 12 నిమిషాలకే నీళ్లు ఆగినా, పైపులో నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పే ఫ్లో సెన్సర్ మాట బోర్డులోని చిప్ వినదు. ఇప్పుడు బోర్డు ఆన్ అయి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే 'మిల్లిస్' వాడుతున్నాను. మోటారు వేసిన క్షణాన్ని రాసిపెట్టుకుని, ప్రతి చుట్టులో ఇప్పటి టైములోంచి దాన్ని తీసేసి చూస్తుంది, పనిలో పనిగా సెన్సర్‌నూ చూస్తుంది. మిల్లిస్ లెక్క 49 రోజుల 17 గంటలకు సున్నాకు వచ్చినా ఈ తీసివేతలో తప్పు రాదు.

కరెంటు పోయి వస్తే మాత్రం బోర్డుకు పాత లెక్క గుర్తుండదు. అందుకే ఆన్ కాగానే అది చేసే మొదటి పని మోటారును ఆపి ఉంచి, ఊటకు గంటన్నర ఇవ్వడం. బోర్లో నీళ్లున్నా సరే.