కంప్యూటర్ పీరియడ్ దేనికి?

హైదరాబాద్‌లో ఏ ప్రైవేటు స్కూల్ బ్రోషర్ చూసినా కోడింగ్, రోబోటిక్స్, ఏఐ కనబడుతున్నాయి. ఇవి పిల్లలకెందుకంటే 'ముందు ముందు పనికొస్తాయి కదండీ' అంటారు. ఏ పనికన్నది నలభై ఏళ్లుగా మారుతూనే ఉంది.

1984లో కేంద్రం 'క్లాస్' పేరుతో పథకం పెట్టి, దేశంలో సుమారు 250 బడులకు బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటర్లు ఇచ్చింది. అప్పటికే హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ కంప్యూటర్లు తయారుచేస్తోంది కానీ, బడి పిల్లలకవి కనబడేవి కావు. అందుకే తొలి లక్ష్యం చిన్నది: కంప్యూటర్‌ను దగ్గరగా చూపించి, బెరుకు పోగొట్టడం.

అంతకంటే గట్టి ఆలోచన 1967లోనే అమెరికాలో పుట్టింది. గణితవేత్త సేమర్ పాపర్ట్ బృందం తయారుచేసిన లోగో అనే కోడింగ్ భాషలో పిల్లలు తెరమీది తాబేలును నడిపించి బొమ్మలు గీస్తారు. చతురస్రం రావాలంటే ప్రతి మూలలో 90 డిగ్రీలు తిప్పాలి. గీత పక్కకు పోతే ఎక్కడ తప్పిందో వాళ్లే వెతుక్కోవాలి. అసలు ఉద్దేశం లెక్కలు, ఆలోచించడం. మన పాఠాల్లోకీ లోగో వచ్చింది. 'ఎఫ్‌డి అంటే ఏమిటి?' (తాబేలును ముందుకు నడిపే ఆదేశం) అనే రెండు మార్కుల ప్రశ్నగా!

1998లో సైబర్ టవర్స్ తెరుచుకుంది, అమీర్‌పేట కోచింగులతో కిటకిటలాడింది. కంప్యూటరంటే ఉద్యోగం అయిపోయింది. ఏడో తరగతి పిల్లలకూ వర్డ్, ఎక్సెల్ మొదలయ్యాయి.

2004లో కేంద్రం బడుల్లో కంప్యూటర్ ల్యాబ్‌లు పెట్టే 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ పనిని కంపెనీలకు కాంట్రాక్టుకిచ్చింది. ల్యాబ్ వాళ్లదే, ఇన్‌స్ట్రక్టర్ వాళ్ల మనిషే. గడువు తీరాక ల్యాబ్ బడికి వదిలి వెళ్లిపోవాలి. లెక్కల సారుకూ సైన్స్ టీచరుకూ ఆ గదితో పనేమీ లేకపోయింది. అలాంటప్పుడు ఇన్‌స్ట్రక్టర్ వెళ్లిపోయాక దానికి తాళం పడడంలో వింతేముంది? కేరళ మాత్రం 2001లో మొదలుపెట్టిన ఇలాంటి పథకం ఐటీ ఎట్ స్కూల్‌లో తన టీచర్లకే శిక్షణ ఇచ్చుకుంది. నా దృష్టిలో అసలు తేడా అదే, కంప్యూటర్ల సంఖ్య కాదు.

2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో పాఠాలు టీవీలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా వచ్చాయి. కరోనా రోజుల్లో అది తప్పలేదు. అయితే అక్కడ టెక్నాలజీ పాఠాన్ని మోసుకొచ్చే సాధనమే, నేర్చుకునే విషయం కాదు. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల్లో కోడింగ్ ఉండాలంది. దాన్ని లెక్కల క్లాసులో కలుపుతారా, మళ్లీ విడి పీరియడ్ చేసి బయటివాళ్లకు అప్పగిస్తారా అన్నది సిలబస్ కంటే ముందు తేల్చాల్సిన మాట.